యూకేలో కారు పాలసీ మధ్యలో లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు పడ్డాయి, ఇన్సూరెన్స్ వాళ్లకు ఇప్పుడే చెప్పాలా, రెన్యూవల్ దాకా ఆగొచ్చా?

రెడింగ్_రఘు
ఆగస్టులో కారు ఇన్సూరెన్స్ రెన్యూ చేశాను. అప్పటికి లైసెన్స్ మీద ఒక్క పాయింట్ కూడా లేదు. నవంబర్‌లో మా పాపని డాన్స్ క్లాసు నుంచి తీసుకొస్తూ గంటకి 30 మైళ్ల జోన్‌లో 37లో వెళ్లానట, తొమ్మిదో రోజుకే ఇంటికి లెటర్ వచ్చేసింది. ఏడాదిన్నర కిందట ఒకసారి, పాయింట్లకి బదులు ఇచ్చే స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు చేశాను, మూడేళ్లలోపు రెండోసారి ఇవ్వరు కాబట్టి ఈసారి ఆ దారి మూసుకుపోయింది. 100 పౌండ్లు కట్టాను, 3 పాయింట్లు పడ్డాయి. లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ సైట్‌లో చూస్తే ఎస్‌పీ30 (స్పీడింగ్ నేరం కోడ్) అని కనిపిస్తోంది.

రెన్యూవల్‌కి ఇంకా 7 నెలలుంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలా, లేక ఆగస్టులో చెబితే చాలా? ఆఫీసులో ఒకాయన "అడగనిది ఎందుకు చెబుతావు, ఊరికే డబ్బు పెంచుతారు" అంటాడు. మా బావమరిదేమో "చెప్పకపోతే నీ పాలసీయే చెల్లదు, ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టే" అని భయపెట్టాడు. రెండు రాత్రుల నుంచి ఇదే టెన్షన్. 14 ఏళ్లుగా ఇక్కడ నడుపుతున్నాను, ఎప్పుడూ క్లెయిమ్ కూడా చేయలేదు.

స్లౌ_శీను
చెప్పక్కర్లేదు అన్నా. పాలసీ తీసుకున్న రోజు నువ్వు చెప్పింది నిజమా కాదా అన్నదే లెక్క. ఆ రోజుకి పాయింట్లు లేవు, లేవని చెప్పావు. అంతే. నాకు 2022లో ఇలాగే మధ్యలో పడ్డాయి, రెన్యూవల్‌లో రాశాను, ఎవరూ ఏమీ అనలేదు.

గ్లాస్గో_గోంగూర
ఇన్సూరెన్స్ వాళ్ల సంగతి తర్వాత, ముందు ఇంట్లో చెప్పావా అన్నా?

రెడింగ్_రఘు
ఆ లెటర్ విప్పిందే మా ఆవిడ 🙂

మాంచెస్టర్_మాధవి
శీను గారు చెప్పింది ఆయన పాలసీకి నిజం కావచ్చు, అందరికీ కాదు. కంపెనీని బట్టి మారుతుంది. రఘు గారూ, మీ పాలసీ బుక్‌లెట్ పీడీఎఫ్ ఈమెయిల్‌లో ఉంటుంది. అందులో "మాకు తెలియజేయాల్సిన మార్పులు" అనే అర్థం వచ్చే భాగం తప్పకుండా ఉంటుంది. కొన్నింటిలో అడ్రస్, కారు, ఉద్యోగం, మాడిఫికేషన్లతో పాటు డ్రైవింగ్ నేరాలు కూడా వెంటనే చెప్పాలని రాస్తారు. కొన్నింటిలో రెన్యూవల్‌కి చెబితే చాలు అని ఉంటుంది. నాది రెండో రకం, మా తమ్ముడిది మొదటి రకం. ఇద్దరం ఒకే వీధిలో ఉంటాం, కార్లు కూడా ఒకే మోడల్.

లూటన్_లచ్చన్న
ఎందుకొచ్చిన గొడవ, ఫోన్ తీసి చెప్పేయ్ తమ్ముడూ. నేనైతే మర్నాడే చెప్పా. 43 పౌండ్లు పెంచారు, పైన ఇంకో 25 అడ్మిన్ ఫీజు అన్నారు. మొత్తం 68. ఏడాది పొడుగునా గుండెలో గుబులు పెట్టుకుని స్టీరింగ్ పట్టుకోవడం కన్నా 68 పౌండ్లు నయం.

స్లౌ_శీను
చెప్పాల్సిన అవసరం లేని దానికి 68 పౌండ్లు ఎందుకు కట్టాలి లచ్చన్నా? వాళ్లు అడిగారా?

లూటన్_లచ్చన్న
అడిగారా లేదా నాకు తెలియదు, బుక్కు చదవలేదు. చెప్పేశా.

మాంచెస్టర్_మాధవి
అదే కదా సమస్య. ఇద్దరూ బుక్కు తెరవకుండానే వాదించుకుంటున్నారు.

పాతకాపు_హ్యారో
ఈ ప్రశ్న ఇక్కడ ఏడాదికి రెండుసార్లు వస్తుంది, అందుకే ఈసారి కొంచెం వివరంగా రాస్తాను.

పాత రోజుల్లో ఈ దేశంలో చట్టం వేరేగా ఉండేది. ఇన్సూరెన్స్ కంపెనీ అడిగినా అడగకపోయినా ముఖ్యమైన విషయం అనిపించిందల్లా మనమే ముందుకొచ్చి చెప్పాలి. 2012లో కొత్త చట్టం చేశారు, 2013 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉంది. సొంత అవసరానికి ఇన్సూరెన్స్ తీసుకునే మామూలు జనానికి వర్తించేది ఇదే. దీని ప్రకారం మన బాధ్యత ఒక్కటే: అడిగినదానికి తగినంత జాగ్రత్తతో తప్పు లేకుండా జవాబు చెప్పడం. అది కూడా పాలసీ తీసుకునేటప్పుడు, లేదా మధ్యలో పాలసీని మార్చుకునేటప్పుడు. కాబట్టి శీను అన్నదాంట్లో సగం నిజం ఉంది. చట్టం ఒక్కటే చూస్తే, మధ్యలో పాయింట్లు పడగానే పరిగెత్తి చెప్పమని అది అనదు.

మిగతా సగం కాంట్రాక్టు. నువ్వు ఒప్పుకున్న పాలసీ షరతుల్లో "పాయింట్లు పడితే చెప్పాలి" అని ఉంటే అది నీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. చట్టం అడగలేదు కదా అని దాన్ని పక్కన పెట్టలేవు. అందుకే మాధవి చెప్పినట్టు బుక్‌లెట్ చూడాలి, వేరే దారి లేదు.

మీ బావమరిది మాట కూడా పూర్తిగా సరికాదు. ఒక్కరోజు చెప్పకపోయినంత మాత్రాన పాలసీ దానంతటదే ఆవిరైపోదు. కంపెనీ దాన్ని రద్దు చేసేదాకా అది ఉన్నట్టే. నీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ ఎదుటివాడికి సాధారణంగా నీ కంపెనీయే కట్టాల్సి ఉంటుంది, 1988 రోడ్ ట్రాఫిక్ చట్టంలోనే ఉంది. కాకపోతే తర్వాత ఆ డబ్బు నీ దగ్గర వసూలు చేసుకునే ప్రయత్నం చేయొచ్చు. అసలు భయపడాల్సింది అక్కడ.

లీడ్స్_సతీష్
నేను దెబ్బతిన్నవాడిని కాబట్టి రాస్తున్నా. నాకు కూడా ఎస్‌పీ30, 3 పాయింట్లు, పాలసీ మొదలైన నాలుగో నెలలో పడ్డాయి. నా బుక్‌లెట్‌లో మధ్యలో చెప్పమని లేదు, కాబట్టి ఊరుకున్నా. ఇక్కడివరకూ తప్పు లేదు. తప్పు ఎక్కడ జరిగిందంటే ఆటో రెన్యూవల్.

రెన్యూవల్‌కి మూడు వారాల ముందు ఈమెయిల్ వచ్చింది. "మీరు ఏమీ చేయనక్కర్లేదు, మీ పాలసీ దానంతటదే కొనసాగుతుంది" అని పైన పెద్ద అక్షరాల్లో. నేను రేటు చూశాను, పోయినేడాది కంటే పెద్దగా పెరగలేదు, ఊరుకున్నాను. దాని కింద అటాచ్‌మెంట్‌లో రెండో పేజీలో మన వివరాలన్నీ ఒక టేబుల్‌లో ఉన్నాయి. పేరు, ఉద్యోగం, ఏడాదికి మైళ్లు, రాత్రి కారు ఎక్కడ పెడతాం. ఆ వరుసలో "గత 5 ఏళ్లలో డ్రైవింగ్ నేరాలు: ఏమీ లేవు" అని ఒక లైను. టేబుల్ కింద "వీటిలో ఏదైనా తప్పుంటే మాకు చెప్పండి" అని. నేను ఆ అటాచ్‌మెంట్ తెరవనే లేదు.

ఆ తర్వాత రెండు నెలలకి రౌండబౌట్ దగ్గర నా తప్పు వల్ల గుద్దుకుంది. నా కారు రిపేరు 3,200 పౌండ్లు. క్లెయిమ్ పెట్టగానే మన డీవీఎల్ఏ రికార్డు చూడనిచ్చే లైసెన్స్ చెక్ కోడ్ పంపమన్నారు, పాయింట్లు బయటపడ్డాయి. నేను కట్టిన ప్రీమియం 600, పాయింట్లు చెప్పి ఉంటే 800 అయ్యేదట. కట్టాల్సిన దాంట్లో మూడొంతులే కట్టాను కాబట్టి క్లెయిమ్‌లోనూ మూడొంతులే, అంటే 2,400 ఇచ్చారు. అందులోంచి ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా) మళ్లీ వేరే. 200 పౌండ్లు మిగిలిందనుకున్న దానికి 800 జేబులోంచి పోయాయి.

రెడింగ్_రఘు
సతీష్ గారూ, దాని మీద కంప్లైంట్ చేయలేదా?

లీడ్స్_సతీష్
చేశా. ముందు కంపెనీకి రాశా, వాళ్లు కుదరదన్నారు. ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లా, ఫీజేమీ ఉండదు. వాళ్లు చూసింది ఒక్కటే: కంపెనీ స్పష్టంగా అడిగిందా లేదా. ఆ టేబుల్, కింది వాక్యం చూపించారు. స్పష్టంగానే అడిగారు అన్నారు. కావాలని దాచలేదు, అజాగ్రత్త మాత్రమే అని కంపెనీ కూడా ఒప్పుకుంది కాబట్టే ఆ 2,400 అయినా వచ్చాయి.

పాతకాపు_హ్యారో
సతీష్ అనుభవం అందరూ రెండుసార్లు చదవాలి. ఆ చట్టంలోనే ఉంది, పాత వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి మార్పులుంటే చెప్పమని కంపెనీ అడిగినప్పుడు మనం ఊరుకుంటే, అది కూడా తప్పు సమాచారం ఇచ్చినట్టే లెక్కకు రావచ్చు. నోరు విప్పలేదు కదా, అబద్ధం చెప్పలేదు కదా అంటే కుదరదు. అజాగ్రత్త అయితే సతీష్‌కి జరిగినట్టు లెక్క ప్రకారం కోత. తెలిసి దాచారని తేలితే మొత్తం క్లెయిమ్ తోసిపుచ్చి పాలసీయే లేనట్టు చేయొచ్చు, ప్రీమియం కూడా వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఆ మచ్చ పడ్డాక "మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా" అన్న ప్రశ్నకి ప్రతిచోటా అవును అని కొట్టాలి. ఆ తర్వాత వచ్చే కొటేషన్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

స్లౌ_శీను
సరే, రెన్యూవల్‌లో చెప్పాలని నేనూ ఒప్పుకుంటున్నాను, మొదటి నుంచీ అదే అన్నా. నేను కాదన్నది మధ్యలో చెప్పడం గురించి. అయినా డీవీఎల్ఏ వాళ్లే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పేస్తారని కొందరంటారు, అది నిజమేనా?

బర్మింగ్‌హామ్_భాను
నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్ల దగ్గర నాలుగేళ్లు పనిచేశాను, ఇప్పుడు మానేశాను. పాయింట్లు పడగానే డీవీఎల్ఏ మీ కంపెనీకి ఉత్తరం రాయదు. కానీ మీరు కొటేషన్‌లో డ్రైవింగ్ లైసెన్స్ నంబర్ ఇస్తే దాంతో కంపెనీ డీవీఎల్ఏ రికార్డు చూడగలదు, ఆ ఏర్పాటు 2014 నుంచి ఉంది. క్లెయిమ్ వచ్చినప్పుడు ఎలాగూ చూస్తారు. కాబట్టి ఎవరికీ తెలియదులే అనుకోవడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే.

ఇంకో విషయం. మీరు ఫోన్ చేసి పాయింట్లు చెప్పగానే మా స్క్రీన్ మీద నేరం కోడ్, తేదీ, పాయింట్లు, ఫైన్, డ్రైవింగ్ నిషేధం పడిందా అని అయిదు గళ్లు వస్తాయి. నింపగానే కొత్త రేటు కంప్యూటర్ చెబుతుంది, మా చేతిలో ఏమీ ఉండదు. ఒక్కోసారి పైసా పెరగదు. ముఖ్యంగా 30 ఏళ్ల వయసు దాటినవాళ్లకి, చాలా ఏళ్లుగా క్లెయిమ్ చేయనివాళ్లకి ఒక ఎస్‌పీ30 అంటే పెద్దగా మారని సందర్భాలు చాలా చూశాను. ఫోన్ చేతిలో వణుకుతూ మాట్లాడి "సున్నా పౌండ్లు" అనగానే ఏడ్చేసిన పెద్దావిడ నాకు ఇప్పటికీ గుర్తుంది.

క్రాయిడన్_చందు
మధ్యలో దూరుతున్నా, సారీ. నేను ఇక్కడికొచ్చి 8 నెలలు, మన ఇండియా లైసెన్స్‌తో నడుపుతున్నా. నాకు కూడా కెమెరా పడింది. నాకు ఇక్కడి లైసెన్సే లేదు కదా, పాయింట్లు దేని మీద వేస్తారు?

పాతకాపు_హ్యారో
డీవీఎల్ఏ నీ పేరు మీద ఒక రికార్డు తెరిచి దాని మీద వేస్తుంది తమ్ముడూ. రేపు నువ్వు ఇక్కడి లైసెన్స్ తీసుకున్నప్పుడు అవి వచ్చి అతుక్కుంటాయి. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ స్థిరపడినప్పటి నుంచి 12 నెలలే నడపొచ్చని గుర్తుంది కదా? మనది ఇక్కడ మార్చి ఇవ్వరు, ప్రొవిజనల్ (లెర్నర్ లైసెన్స్) తీసుకుని టెస్టు రాయాల్సిందే. టెస్టు పాసైన మొదటి రెండేళ్లలో మొత్తం 6 పాయింట్లు చేరితే లైసెన్స్ పోతుంది, మళ్లీ మొదటి నుంచి. పాత 3 ఇంకా చెల్లుబాటులో ఉంటే అవి కూడా ఆ 6లో కలుస్తాయి. చాలా జాగ్రత్త. నీ ఇన్సూరెన్స్‌కి కూడా ఇదే సూత్రం, అడిగితే దాచొద్దు.

గ్లాస్గో_గోంగూర
హైదరాబాద్‌లో చలాన్లకి డిస్కౌంట్ పెట్టేదాకా ఆగి ఒకేసారి కట్టే అలవాటు మనది. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోకు చందూ.

క్రాయిడన్_చందు
అర్థమైంది అన్నా 🙏

కార్డిఫ్_కావ్య
మా దగ్గర వేల్స్‌లో 2023 సెప్టెంబర్ 17 నుంచి 30 ఉన్న వీధులు చాలావరకు 20 అయిపోయాయి. ఇంగ్లండ్ నుంచి చూడ్డానికి వచ్చే చుట్టాలు బోర్డు చూసుకోకుండా పట్టుబడుతున్నారు. మా పిన్ని కొడుకు బ్రిస్టల్ నుంచి వచ్చి వెళ్లిన పది రోజులకి లెటర్ అందుకున్నాడు. అతనికి కోర్సు ఇచ్చారు. కోర్సు చేస్తే కూడా ఇన్సూరెన్స్‌కి చెప్పాలా?

బర్మింగ్‌హామ్_భాను
కోర్సు శిక్ష కాదు, పాయింట్లు ఉండవు, లైసెన్స్ రికార్డులో కనిపించదు. "నేరాలు, పాయింట్లు ఉన్నాయా" అని మాత్రమే అడిగితే లేవు అనడం నిజమే. కొన్ని కంపెనీలు మాత్రం "కోర్సు చేశారా" అని విడిగా అడుగుతాయి. అలా అడిగినప్పుడు అవునని చెప్పాలి. ప్రశ్న ఏముందో అక్షరం అక్షరం చదవాలి అక్కా.

రెడింగ్_రఘు
అందరికీ థాంక్స్. ఒక విషయం మొదట రాయలేదు, ఇప్పుడు అవసరం అనిపిస్తోంది. ఫిబ్రవరి మొదటి వారంలో మేము ఇల్లు మారుతున్నాం, స్విండన్‌కి. అడ్రస్ మార్చడానికి ఎలాగూ ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో పాయింట్ల మాట ఎత్తకుండా అడ్రస్ ఒక్కటే మార్చుకోవచ్చా?

మాంచెస్టర్_మాధవి
అయ్యో రఘు గారూ, ఇది ముందే చెప్పాల్సింది! కథ మొత్తం మారిపోయింది.

పాతకాపు_హ్యారో
మారిపోయింది. అడ్రస్ మార్చడమంటే పాలసీని మార్చుకోవడం. ఆ సమయంలో వాళ్లు "ఇంకేమైనా మార్పులున్నాయా, నేరాలేమైనా ఉన్నాయా" అని అడిగితే దానికి సరైన జవాబు చెప్పాల్సిన బాధ్యత చట్టం కిందే వస్తుంది. అప్పుడు లేవంటే అది తెలిసి చెప్పిన అబద్ధం. మర్చిపోయాను అనడానికి కూడా వీల్లేదు, వారం కిందే ఇక్కడ ఇంత చర్చ పెట్టావు.

స్లౌ_శీను
ఇది నేనూ ఒప్పుకుంటా. అడ్రస్ మారుస్తుంటే చెప్పేయ్ అన్నా. అడిగాక దాచమని నేనెప్పుడూ అనను.

బర్మింగ్‌హామ్_భాను
రెండూ ఒకే ఫోన్‌లో చెప్పండి. ఒకే మార్పు కింద వేస్తే మామూలుగా అడ్మిన్ ఫీజు ఒక్కసారే పడుతుంది. విడివిడిగా చేస్తే రెండుసార్లు పడొచ్చు. మీ పాలసీలో ఇంకో డ్రైవర్ ఎవరైనా ఉన్నారా? వాళ్ల పాయింట్లు కూడా అడుగుతారు.

రెడింగ్_రఘు
మా ఆవిడ ఉంది, తను లైసెన్స్ తీసుకుని ఏడాదే అయింది. తనకేమీ లేవు.

లూటన్_లచ్చన్న
చెల్లెమ్మకి ఫోన్ సంగతి చెప్పు. డ్రైవ్ చేస్తూ ఫోన్ చేతిలో పట్టుకుంటే ఒక్క దెబ్బకి 6 పాయింట్లు, 200 పౌండ్లు. రెండేళ్లు నిండని వాళ్లకి అక్కడితో లైసెన్స్ పోయినట్టే. మా పక్కింటి అబ్బాయి సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు మెసేజ్ చూసి పోగొట్టుకున్నాడు. ఆగి ఉన్నాను కదా అంటే ఎవరూ వినలేదు.

రెడింగ్_రఘు
అప్‌డేట్. ముందు బుక్‌లెట్ తెరిచాను, 52 పేజీలు. 23వ పేజీలో మాధవి గారు చెప్పిన భాగం దొరికింది. అడ్రస్, కారు, ఉద్యోగం, ఆ తర్వాత "మీకు గానీ పాలసీలో ఉన్న ఏ డ్రైవర్‌కి గానీ నేరం రుజువైతే లేదా ఫిక్స్‌డ్ పెనాల్టీ పాయింట్లు పడితే" వెంటనే చెప్పాలని స్పష్టంగా ఉంది. అంటే ఇల్లు మారకపోయినా నేను చెప్పాల్సిందే. రెండు నెలలు ఆలస్యం చేశాను.

నిన్న సాయంత్రం ఫోన్ చేశాను, 25 నిమిషాలు లైన్‌లో ఉన్నాక ఒకమ్మాయి ఎత్తింది. అడ్రస్, పాయింట్లు రెండూ చెప్పాను. ఆలస్యానికి ఏమీ అనలేదు. రెండూ కలిపి మిగతా ఏడు నెలలకి 31 పౌండ్లు, అడ్మిన్ ఫీజు 20. భాను గారన్నట్టు ఫీజు ఒక్కసారే. పాయింట్లకి ఎంత, స్విండన్‌కి ఎంత అని అడిగితే విడిగా చెప్పలేనంది. ఇన్నాళ్లూ నేను భయపడింది 51 పౌండ్లకి.

కానీ ఒక్కటి. రాత్రి కొత్త షెడ్యూల్ (పాలసీ వివరాల పత్రం) ఈమెయిల్‌లో వస్తే సతీష్ గారి మాట గుర్తొచ్చి ప్రతి లైనూ చదివాను. ఎస్‌పీ30 దగ్గర తేదీ తప్పు! నాది నవంబర్ 11, వాళ్లు నవంబర్ 1 అని వేశారు. ఈరోజు పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసి మార్పించాను, దీనికి డబ్బు తీసుకోలేదు.

లీడ్స్_సతీష్
భలే పని చేశావ్ అన్నా. ఆ సరిచేసిన షెడ్యూల్ దాచుకో. ఫోన్ చేసిన తేదీ, టైము, ఎత్తినవాళ్ల పేరు కూడా రాసి పెట్టుకో.

మాంచెస్టర్_మాధవి
డీవీఎల్ఏ రికార్డులో ఎస్‌పీ30 నేరం జరిగిన తేదీ నుంచి 4 ఏళ్లు ఉంటుంది రఘు గారూ. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు 5 ఏళ్లది అడుగుతారు. అయిదో ఏడు సైట్‌లో కనిపించట్లేదు కదా అని లేవని కొట్టేయకండి. చాలామంది అక్కడే పొరబడతారు.

స్లౌ_శీను
మీరందరూ ఇంత చెప్పాక నా బుక్‌లెట్ కూడా తీశా. నాది నిజంగానే రెన్యూవల్‌కి చెబితే చాలు అని ఉంది, పేజీ 17. అదృష్టం, అప్పట్లో చూడకుండానే ఊరుకున్నా. కానీ నాకు పాయింట్లు పడింది 2022 మార్చిలో. పోయిన రెన్యూవల్‌లో సైట్‌లో నేరాలు చూపించే గడి ఖాళీగా ఉందేమో అని ఇప్పుడు డౌట్ వస్తోంది. రేట్లు పోల్చి చూపించే కంపారిజన్ సైట్ నుంచి వేరే కంపెనీకి మారాను. ఎక్కడ చూడాలి?

బర్మింగ్‌హామ్_భాను
పాలసీ కొన్నరోజు వచ్చిన ఈమెయిల్‌లో "మీరు ఇచ్చిన వివరాలు" అనే డాక్యుమెంట్ ఉంటుంది, షెడ్యూల్ కాదు, వేరేది. అందులో చూడు. ఖాళీగా ఉంటే ఈరోజే ఫోన్ చెయ్, 8 దాకా ఎత్తుతారు చాలామంది.

స్లౌ_శీను
దొరికింది. ఎస్‌పీ30, మార్చి 2022, 3 పాయింట్లు, 100 పౌండ్లు, ఉంది. హమ్మయ్య.